స్తంభానికి డీఓఐ ఉందా?

తేలే ఇటుక మీద పేపరు రాయడం తేలికే. మనిషి మునిగేది రిఫరెన్సుల దగ్గర.

మాది వరంగల్. పాలంపేట రామప్ప గుడి శిఖరంలో వాడిన తేలిక ఇటుకల మీద నేనూ, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడూ కలిసి ఓ పేపరు రాశాం. ఇటుక నిండా ఉన్న సన్నటి గాలి బొర్రలు, అది నీళ్ళలో మునగకపోవడానికి కారణం, గుడి పునాదిలో ఇసుక చేసే పని, ఇదంతా సాఫీగానే సాగింది. ఒక విదేశీ జర్నల్‌కి పంపాం. పేరెందుకు లెండి. మర్నాటికే తిరిగొచ్చింది. ఇటుక ఊసే లేదు. రిఫరెన్సులు మా శైలిలో లేవు, సరిచేసి పంపండి అని ఒక ముక్క, దానికి తోకగా పేజీలకు పేజీలు సూచనలు.

జర్నళ్ళ శైలి వియ్యాలవారి మర్యాదల్లాంటిది. ఒకింట్లో చెల్లింది ఇంకో ఇంట్లో తప్పు. వాంకూవర్ పద్ధతిలో ఆరుగురు రచయితల దాకా పేర్లు వేసి, మిగిలినవాళ్ళను ‘తదితరులు’ అనే గోతంలో కుక్కేయాలి. ఏపీఏ ఏడో కూర్పు కాస్త దయగలది, ఇరవై మంది దాకా మనుషులుగా చూస్తుంది. రచయిత పేరు, పక్కన బ్రాకెట్లో సంవత్సరం వేసే హార్వర్డ్ పద్ధతికి మూలపురుషుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జంతుశాస్త్రజ్ఞుడు. 1881లో చిప్పలేని నత్త గుడ్ల మీద రాసిన పేపర్లో ఆయన మొదలుపెట్టాడు. అందుకే కాబోలు, ఈ పని నత్తనడకన తప్ప సాగదు.

జర్నల్ పేరు ఇటాలిక్‌లో ఉండాలట. సరే. దాని తర్వాత వచ్చే కామా కూడా ఇటాలిక్కేనా? మా కుర్రాడు స్క్రీను నాలుగింతలు చేసి, ముక్కు ఆనించి చూశాడు. కామా పుట్టుకతోనే వంకర. అది వాలిందో, నిలబడిందో దాన్ని కన్న టైపు తయారీదారుకి తప్ప ఎవరికి తెలుస్తుంది? "సార్, ఇది పట్టించుకునేవాళ్ళుంటారా?" అన్నాడు. పట్టించుకోబట్టే కదా నాయనా తిరిగొచ్చింది.

అసలు కష్టం శాసనంతో వచ్చింది. గుడి ఆవరణలో చిన్న మంటపం, అందులో నున్నటి నల్లరాతి స్తంభం, నాలుగు ముఖాలా అక్షరాలు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించింది. శక సంవత్సరం 1135, శ్రీముఖ, చైత్రం. అంటే క్రీస్తుశకం 1213. రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేరుకి ఈ ‘అంటే’తో పనిలేదు. నాలుగంకెలు కనబడగానే మింగేసి, ‘రుద్ర, ఆర్. (1135)’ అని కక్కింది. గుడికి 78 ఏళ్ళ ముందే శాసనం పుట్టేసింది. పైగా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక: ప్రచురణకర్త లేడు, పేజీలు లేవు, డీఓఐ అనే శాశ్వత డిజిటల్ చిరునామా లేదు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఒక్క చోట నిలబడ్డ రాయికి శాశ్వత చిరునామా లేదని దాని ఫిర్యాదు! నిన్న మొన్న పుట్టిన వెబ్ లింకుకి మాత్రం ఉంది.

ఆ ‘ఆర్’ సంగతి చూడండి. రేచర్ల అనేది ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. వాళ్ళకు చివర ఉన్నదే ఇంటిపేరు. దాంతో తెలుగువాళ్ళ వంశాలన్నీ రిఫరెన్సుల జాబితాలో పొట్టి అక్షరాలై మిగులుతాయి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి మీద రాసిన పేపరు బయోకెమిస్ట్రీలో ఎందరు ఉటంకించారో. అందులో ప్రతిచోటా ఆయన ‘సుబ్బారో, వై.’ ఎల్లాప్రగడవారంతా కలిసి ఒక్క ‘వై’లో సర్దుకున్నారు.

గుడికి డబ్బు పెట్టింది రుద్రుడు, దేవుడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం శిల్పి పేరని చెప్పుకుంటూ రామప్ప గుడి అనే అంటారు. నిధులు తెచ్చినవాడి పేరు వెనక్కి పోయి పనిచేసినవాడి పేరు నిలవడం మా పరిశోధనా రంగంలో నేనింకా చూడలేదు. 2021లో యునెస్కో ఈ పొరపాటు సవరించింది. వారసత్వ జాబితాలో రుద్రేశ్వరుణ్ణి బయట ఉంచి, రామప్పను బ్రాకెట్లో పెట్టింది.

ఇటుక తేలుతుందని మాకు మొదట చెప్పింది అక్కడి ఒక పెద్దమనిషి. ఎక్కడ చదివారని అడిగాం. "ఎక్కడ రాసుంది అంటే నేనేం చెప్త సారూ? మా నాయిన చెప్పిండు. మా నాయినకు తాత చెప్పిండు" అన్నాడు. శైలి ప్రకారం ఇది ‘వ్యక్తిగత సంభాషణ’. వ్యాసంలో చెప్పుకోవచ్చు గానీ జాబితాలో చోటు లేదు. తరాలు మారినా నాయిన, తాత తదితరులు గడప బయటే.

గులాం యజ్దానీ పుస్తకం సంగతి ఇంకోటి. పాలంపేట గుళ్ళ మీద ఆయన రాసింది పురావస్తు శాఖ 1922లో కలకత్తాలో అచ్చువేసింది. కుర్రాడు కోల్‌కతా అని దిద్దాడు. అట్టమీద ఏ పేరుంటే అదే వేయాలయ్యా అన్నాను. మరి ఊరు ఏ జిల్లా అని వేద్దామన్నాడు. పాత పుస్తకాల్లో వరంగల్, 2016లో జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. గుడి కదల్లేదు, చిరునామా కదుల్తూనే ఉంది.

ఇవన్నీ అయ్యాక, చిత్తుప్రతిలో కుర్రాడు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. దక్కను గుళ్ళలో ఇదే మేటి నక్షత్రమని మార్కోపోలో మెచ్చుకున్నాడట. పేజీ నంబరేదీ? ఒక పేపర్లో చూశానన్నాడు. ఆ పేపరు ఇంకో పేపర్ని చూపించింది. అది పర్యాటకుల కరపత్రాన్ని చూపించింది. కరపత్రం ఎవర్నీ చూపించలేదు. 1871లో వచ్చిన యూల్ అనువాదం తెరిచాం. మోటుపల్లి రాజ్యం మీద అధ్యాయం ఉంది. రాణి ఉంది, వజ్రాలున్నాయి, లోయలోకి విసిరిన మాంసం ముద్దల్ని వజ్రాలతో సహా ఎత్తుకుపోయే గద్దలున్నాయి, సాలెగూడంత పల్చటి బట్టలున్నాయి. గుడి లేదు, పాలంపేట మాటే లేదు. మమ్మల్ని వంకర కామా దగ్గర పట్టుకున్న వ్యవస్థ, ఈ మార్కోపోలోను ఇన్ని పేపర్ల గుండా దర్జాగా నడిపించింది. ఎందుకంటే ఆ రిఫరెన్సుల్లో కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

వాక్యం కొట్టేసి, సరిచేసిన పేపరు పంపాం. సమీక్షకుల ఉత్తరాలొచ్చాయి. మొదటాయన రిఫరెన్సులు మరీ పాతవన్నాడు, గత ఐదేళ్ళవి చేర్చమన్నాడు. 1213 నాటి స్తంభాన్ని ఎలా కుర్రదాన్ని చేయాలో తోచలేదు. రెండో ఆయన ఉత్తరం మర్యాదగా ఉంది. రిఫరెన్సుల అమరిక చక్కగా ఉందని మెచ్చుకున్నాడు. ఒక్కటే లోటట: ఈ ఆలయాన్ని మార్కోపోలో ప్రశంసించిన విషయం రచయితలు ప్రస్తావించలేదు, తప్పక చేర్చాలి.

కుర్రాడు అప్పటికే జవాబు టైపు చేయడం మొదలెట్టాడు. "మీ అమూల్యమైన సూచనకు కృతజ్ఞతలు. పేజీ నంబరు దయచేసి తెలుపగలరు."