మా రోజుల్లో స్లో స్పీడ్ స్క్రూ మాట వినేది

ఇప్పటి కుర్రాళ్లకి ఇంజన్ విప్పడం వచ్చు, బిగించడం వచ్చు. బిగించాక అది ఎందుకు అరుస్తోందో కనుక్కోవడమే రాదు. "బాబాయ్, పని మొత్తం అయిపోయింది, బండి స్టార్టయింది, కానీ రేసు దిగట్లేదు" అంటూ ఆటోనగర్‌లో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎవడో ఒకడు నా షెడ్డుకి వస్తూనే ఉంటాడు. చేతిలో పానా ఉండదు, ఫోనుంటుంది. ఫోన్లో స్కానరు, స్కానర్లో కోడ్లు. అవి చదివి వినిపించి, నేనేదో మంత్రం వేస్తానన్నట్టు నా మొహంలోకి చూస్తారు.

మా రోజుల్లో ఫియట్‌ అయినా అంబాసిడర్‌ అయినా కార్బురేటర్ మీద స్క్రూలు తిప్పితే దారికొచ్చేది. స్లో స్పీడ్‌కి ఒకటి, మిక్స్చర్‌కి ఒకటి. ఇంజన్ పని అయ్యాక ఫీలర్ గేజితో పాయింట్ల గ్యాప్ చూసి, బల్బు పెట్టి టైమింగ్ కట్టి, వాల్వులు సర్ది, అప్పుడు స్టార్ట్ చేసేవాళ్లం. కొత్తగా బోరింగ్ చేసిన ఇంజన్ బిగువుగా ఉంటుంది కాబట్టి స్లో స్పీడ్ ఓ పిసరు ఎక్కువే పెట్టి పంపేవాళ్లం. వెనక అద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని రాసుకుని, వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తిప్పుకొచ్చాక, ఆయిలు మార్చి, ఆ పిసరు తగ్గించేవాళ్లం. అప్పటికీ రేసు దిగకపోతే కారణాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. యాక్సిలరేటర్ తీగ బిగుసుకుందా, చోకు సగంలో ఇరుక్కుందా, బటర్‌ఫ్లై కడ్డీ అరిగిందా, మేనిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర గాలి పీలుస్తోందా. నాలుగూ కంటికి కనపడేవే, చెవికి వినపడేవే.

అలాగని అప్పుడంతా స్వర్గమని నేననను. ఎండాకాలం నట్టనడి రోడ్డుమీద పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగితే, పెట్రోలు లాగే ఏసీ పంపు మీద తడిగుడ్డ వేసుకుని చెట్టుకింద కూర్చున్నవాళ్లమే. చలికాలం పొద్దున చోకు లాగి, పెడలు తొక్కి తొక్కి, చివరికి నలుగుర్ని పిలిచి తోయించుకున్నవాళ్లమే. 2000 సంవత్సరంలో పొగ నిబంధనలు బిగిశాక కార్లలో కార్బురేటర్లకి నూకలు చెల్లాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6. ఇప్పుడు తాళం తిప్పగానే బండి లేస్తుంది, మైలేజీ బాగుంది, పొగ లేదు. ఆ మంచిని నేను కాదనడం లేదు. నా గోలంతా దాన్ని బాగుచేస్తున్న పద్ధతి గురించి.

ఇప్పటి ఇంజన్లో స్లో స్పీడ్ మన చేతిలో లేదు, కంప్యూటర్ చేతిలో ఉంది. వేడెక్కిన ఇంజన్ 800 చిల్లర ఆర్‌పీఎం దగ్గర నిలబడాలని దానికి ముందే చెప్పి ఉంచారు. నీళ్లెంత వేడిగా ఉన్నాయి, బటర్‌ఫ్లై ఎంత తెరుచుకుంది, మేనిఫోల్డ్‌లో పీడనం ఎంత అని అది సెన్సార్లని అడుగుతుంది. ఆ జవాబులు విని ఐడిల్ వాల్వు నుంచో, బటర్‌ఫ్లై నుంచో గాలి ఎంత వదలాలో తేల్చుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉందని చెబితే రేసు కావాలనే పెంచుతుంది. అంటే రేసు పెరిగిందంటే చాలాసార్లు కంప్యూటర్ తప్పు చేసినట్టు కాదు, ఎవరో దానికి అబద్ధం చెప్పినట్టు. ఆ చెప్పింది సెన్సారేనని కుర్రాళ్ల నమ్మకం. సెన్సారుకీ కంప్యూటరుకీ మధ్య గజాల కొద్దీ తీగ ఉందని, ఇంజన్ దించినప్పుడు దాన్ని లాగి పీకి పక్కన పడేసింది తామేనని మాత్రం గుర్తుండదు.

మొన్న వేసవిలో ఒక పాత పెట్రోలు కారు వచ్చింది. హెడ్ ప్యాకింగ్ పోయి, వేడికి పిస్టన్లు పట్టేసి, ఇంకెక్కడో పూర్తి ఇంజన్ పని చేయించారు. చేసిన పని బాగానే ఉంది, కంప్రెషన్ చక్కగా ఉంది. స్టార్ట్ చేస్తే 1,800 దగ్గర నిలబడి హోరెత్తుతోంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. తీసుకొచ్చిన కుర్రాడు కోడ్లు చదివాడు. పి0118, పి0123, పి0108. కూలెంట్ సెన్సారు, థ్రాటిల్ సెన్సారు, మ్యాప్ సెన్సారు. మూడూ కొత్తవి తెచ్చి వేశారట. కోడ్లు పోలేదు. ఐడిల్ వాల్వు కూడా మార్చారట. రేసూ పోలేదు. చివరికి బటర్‌ఫ్లైని ఆపే స్క్రూని, కంపెనీ రంగు పూసి సీలు వేసిన స్క్రూని, తిప్పి చూశారట. అది స్లో స్పీడ్ స్క్రూ కాదురా అంటే వినేదెవరు? దాన్ని కదిపితే 'మూసి ఉంది' అనే లెక్కే మారిపోతుంది. ముందు దాన్ని యథాస్థానానికి తెచ్చాం.

"డూప్లికేట్ సెన్సార్లు అంటగట్టారేమో బాబాయ్" అన్నాడు.

"మూడు కొట్లలో కొన్న మూడు సామాన్లు ఒకేరోజు డూప్లికేట్ అవుతాయంట్రా? ముందా నీళ్ల వేడి ఎంత చూపిస్తోందో చెప్పు."

స్కానర్ చూశాడు. మైనస్ 40.

మే నెల, మిట్టమధ్యాహ్నం, బెజవాడ. మేం నిలబడ్డ చోట సిమెంటు కాలుతోంది. ఇంజన్ లోపల మాత్రం మైనస్ 40. ఆ అంకె చూసి కూడా సెన్సారు కొనడానికి పరిగెత్తాడంటే ఏమనాలి?

కూలెంట్ సెన్సారులో ఉండేది వేడిని బట్టి నిరోధం మారే చిన్న ముక్క. 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓములు చూపిస్తుంది, 80 దగ్గర మూడొందల చిల్లరకి దిగుతుంది. ఎంత చల్లగా ఉంటే నిరోధం అంత ఎక్కువ. తీగ ఎక్కడో తెగిందనుకోండి, నిరోధానికి అంతు ఉండదు. కంప్యూటర్ తన పట్టికలో అట్టడుగున ఉన్న చలిని చూపిస్తుంది. మైనస్ 40 అంటే చలి కాదు, తెగిన తీగ. పైగా మూడు కోడ్లూ ఒకటే మాట చెబుతున్నాయి, వోల్టేజి ఎక్కువొస్తోందని. ముగ్గురు సాక్షులు ఒకే మాట అంటుంటే ముగ్గుర్నీ మార్చడమా, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడ్డమా?

మల్టీమీటరు తెమ్మన్నాను. థ్రాటిల్ సెన్సారు కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేయించాను. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర తీగ కప్లర్లో కంప్యూటర్ సరఫరా పిన్నుకి పెడితే 5 వోల్టులు. సరఫరా శుభ్రంగా ఉంది. ఇప్పుడు నల్ల తీగ తీసి అదే కప్లర్లోని ఎర్తు పిన్నుకి పెట్టాను. ముల్లు లేని మీటరు కాబట్టి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి సున్నా దగ్గర ఆగాయి. కీ ఆపి, ఎర్తు పిన్నునుంచి బ్యాటరీ నెగెటివ్‌కి నిరోధం చూస్తే దారే లేదు. మిగతా రెండు కప్లర్లలోనూ అదే కథ.

ఆ బండిలో ఆ మూడింటికీ ఎర్తు ఒకటే. మూడు తీగలూ హార్నెస్ లోపల ఒకచోట కలిసి, అక్కణ్ణుంచి ఒక్క తీగగా కంప్యూటర్‌కి పోతాయి. ఇంజన్ దించేటప్పుడు హార్నెస్ విప్పడానికి బద్ధకించి గట్టిగా లాగారు. పైన నల్ల తొడుగు చెక్కుచెదరలేదు. టేపు చుట్లు విప్పి చూస్తే ఆ కూడలి దగ్గర రాగి తెగిపోయి ఉంది. మూరెడు టేపు విప్పడానికి, అతుకు సోల్డర్ చేసి మళ్లీ చుట్టడానికి పట్టిన సమయం ఒక సెన్సారు కోసం కొట్టుకెళ్లి వచ్చేంత కూడా లేదు.

కోడ్లు చెరిపి స్టార్ట్ చేస్తే నీళ్ల వేడి సరిగ్గా చూపించింది, రేసు దిగింది. కానీ వేడెక్కాక కూడా 1,200 దగ్గరే ఆగింది. కుర్రాడు చాల్లే అనుకున్నాడు. నేననుకోలేదు. ఇంజన్ పక్కన చెవి పెడితే సన్నగా బుస్సుమంటోంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మేనిఫోల్డ్ అతుకు వెంబడి కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టాను. మూడో సిలిండర్ దగ్గర కొట్టగానే ఇంజన్ గొంతు మారింది. కొత్త మేనిఫోల్డ్ ప్యాకింగ్ కిందే పాత ప్యాకింగ్ ముక్క అతుక్కుని ఉండిపోయింది. మ్యాప్ సెన్సారున్న బండి గాలిని నేరుగా కొలవదు, పీడనాన్ని చూసి లెక్కగడుతుంది. అక్కడ దొంగగాలి లోపలికి వస్తే పీడనం పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ పెరుగుతుంది, రేసూ పెరుగుతుంది. బ్లేడుతో గీకి, తుడిచి, బిగిస్తే 800.

కొత్తగా పని నేర్చుకుంటున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఇంజన్ విప్పకముందు లేని కోడ్, బిగించాక వచ్చిందంటే అది ముందుగా నీ చెయ్యి ముట్టిన చోటనుంచి వచ్చిందనుకో. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ మళ్లీ బిగించావా? బ్రేక్ బూస్టర్ గొట్టం తొడిగావా? ఒకేలా ఉన్న రెండు కప్లర్లు తారుమారు చేశావా? కూలెంట్ పోసి గాలి తీశావా? గాలిబుడగలో చిక్కుకున్న సెన్సారుకి నీళ్ల వేడి తెలీదు, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందంటుంది, రేసు దిగదు. క్యామ్‌కీ క్రాంక్‌కీ పొత్తు కుదరలేదని పి0016 చూపిస్తే సెన్సారు కొనేముందు టైమింగ్ గుర్తులు చూడు, ఒక పన్ను తప్పి ఉండొచ్చు. ఇవన్నీ చూశాక కూడా దొరక్కపోతే అప్పుడు కొట్టుకెళ్లు. కరెంటు సామాను వాపసు తీసుకోబడదని అక్కడ బోర్డు వేలాడుతూనే ఉంటుంది.

స్కానర్ మీద నాకు పగేమీ లేదు. మైనస్ 40 చూపించింది అదే కదా. నొప్పెక్కడో అది చెబుతుంది. దెబ్బెక్కడో మనం వెతుక్కోవాలి. మా గురువులు మాకు కోడ్లు చెప్పలేదు, ఒక వరస చెప్పారు. గాలి, నిప్పు, పెట్రోలు. ఇప్పుడు దానికి ఎర్తూ, తీగా కలిపితే చాలు. వరసే మరిచిపోయి కోడ్ పట్టుకుని పరిగెత్తడం చూస్తే నా ఒళ్లు మండుతుంది.

సాయంత్రం ఓనరు వచ్చాడు. ఇంజన్ మెత్తగా తిరగడం చూసి మురిసిపోయాడు. డిక్కీలో పాత సెన్సార్లు, ఐడిల్ వాల్వు అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి, ఒక్కటీ చెడిపోలేదు. కొత్తవాటికి వేలకు వేలు మారుమాట లేకుండా కట్టొచ్చిన మనిషి, నేను నా కూలి చెప్పగానే, "ఒక తీగ అతికించి, ఒక ప్యాకింగ్ గీకినందుకు ఇంతా, మేస్త్రీ?" అన్నాడు. సామానుకైతే బిల్లుంటుంది, వెతికినందుకు ఎవడిస్తాడు బిల్లు? కార్బురేటర్లు పోయాయి, పాయింట్లు పోయాయి, ఫియట్లు పోయాయి. ఈ బేరం మాత్రం మా రోజుల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.