మూసీకి అద్దె నీళ్లు

మూసీకి మంచిరోజులు వచ్చాయని విన్నప్పుడు మా ఊరు సాలువాలో మాకు ముందు పుట్టింది అసూయే. మేదినీపూర్ వెళ్లే దారిలో మాకూ కంసావతి ఉంది. ఎండాకాలం ఇసుక, వానాకాలం నీళ్లు. ఏ కన్సల్టెంటూ దానికోసం సింగారపు పద్దు రాయలేదు. అందుకే పాపం, ఇంకా నదిలాగే ఉంది.

మూసీ జాతకం వేరు. హైదరాబాద్ నగరంలో 55 కిలోమీటర్ల ముస్తాబుకు లక్షన్నర కోట్లన్న మాట 2024లో సర్కారు నోటే వచ్చింది. సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) చేతికి రాకముందే, ఆ సెప్టెంబరులో, ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో కూల్చివేత గుర్తుగా ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసేశారు. చాదర్‌ఘాట్, శంకర్‌నగర్ జనానికి డబుల్ బెడ్‌రూం ఇళ్లన్నారు. ఇల్లయితే లారీ ఎక్కుతుంది. ఆటో స్టాండు, పనిచేసే నాలుగిళ్లు, పిల్లల బడి ఎక్కవు కదా!

అక్టోబరులో మంత్రులు, అధికారులు విలేకరులను వెంటబెట్టుకుని సియోల్ వెళ్లి చోంగ్‌గేచాన్ వాగు చూసొచ్చారు. ముచ్చటైన వాగే. కాకపోతే అందులో పారేది చాలావరకు హాన్ నది నుంచి మోటార్లు తోడిపోసే నీరు. అహ్మదాబాద్‌లో సబర్మతి పేరుతో మెరిసేది నర్మద కాలువ నీరు. అక్కడి ఒడ్డున బతికిన వేల కుటుంబాలు ఊరి అంచులకు చేరాయి. ఇక మూసీకి గోదావరి. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చే పథకానికి 2025 సెప్టెంబరు 8న గండిపేటలో శంకుస్థాపన జరిగింది. అందులో రెండున్నర టీఎంసీలు మూసీ ప్రక్షాళనకట. దగ్గరి మనుషులు దూరం పోవాలి, దూరపు నీళ్లు దగ్గరికి రావాలి. సుందరీకరణ సూత్రం ఇంతే.

మూసీకి సొంతనీళ్లు లేవా అంటే ఉన్నాయి, నగరం రోజూ పంపే మురుగు. వలిగొండ వైపు రైతులు ఏళ్లుగా దానితోనే వరి పండిస్తున్నారు. దాన్ని శుద్ధి చేయడమే అసలు పని. కానీ శుద్ధి కేంద్రం ముందు నిలబడి ఎవరు సెల్ఫీ దిగుతారు?

శంకుస్థాపన జరిగి మూడు వారాలైనా కాలేదు, వానలకు ఎగువనున్న జంట జలాశయాల గేట్లెత్తారు. ఏ డీపీఆరూ లేకుండా మూసీ తనంతట తనే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవాల్సి వచ్చింది. 1908 సెప్టెంబరు వరద చూశాకే కట్టిన జలాశయాలవి. అయినా నది గర్భంలో కూర్చున్న ఆ బస్టాండు గోడ మీద ఎవరైనా ఎర్రరంగు పూసినట్టు వినలేదు. దాని సైజుకు డబుల్ బెడ్‌రూం దొరికి ఉండదు.