ప్రాణానికి పట్టిక ధర

రైలు ప్రమాదంలో మరణించిన ప్రయాణికుడి కుటుంబానికి దక్కే పరిహారాన్ని 1989 నాటి రైల్వే చట్టం కింద రూపొందిన నియమాలు 8 లక్షల రూపాయలుగా నిర్ణయించి, ఏ ఒక్కరి విషయంలోనూ అసలు మొత్తం అంతకు మించరాదని గీత గీశాయి. 2016 డిసెంబరు 31 వరకు ఆ గీత 4 లక్షల దగ్గరే ఉండేది గనుక, ప్రాణం విలువ ఒక్క రాత్రిలో రెట్టింపైన ఘనత ఆ మరుసటి నూతన సంవత్సరానిదే. జనగామలో ఎక్కిన మేస్త్రీ అయినా, మానుకోటలో ఎక్కిన డాక్టరైనా, తల్లి ఒడిలోని పసిబిడ్డ అయినా అదే ధర కాబట్టి, రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వం ఈ నియమాల పట్టికలో అమలైనంత నిక్కచ్చిగా మరెక్కడా అమలు కాలేదు. రెండు చేతులూ పోయినా, వినికిడి పూర్తిగా పోయినా అదే 8 లక్షలు. బాధితుల మొర వినవలసిన కార్యాలయాల చెవుడు మాత్రం పట్టికలోకి రాదు, అది ప్రమాదవశాత్తు వచ్చింది కాదు గనుక.

రైలు నుంచి జారిపడినవారికి కూడా రైల్వే తప్పును నిరూపించనక్కరలేకుండానే పరిహారం వస్తుందన్నది ఈ చట్టంలోని నిజమైన దయ. అయితే అది ఆత్మహత్య కాదనీ, పడిన మనిషి మత్తులో లేడనీ తేలాలి. జేబులో టికెట్టు దొరకనంత మాత్రాన హక్కు పోదని 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, పోయినవాడు ప్రయాణికుడేనని ముందుగా ప్రమాణపత్రంతో చెప్పుకోవలసింది మాత్రం ఇంట్లో మిగిలినవారే.

అదే మనిషి ఆర్టీసీ బస్సులో పోతే లెక్క మారుతుంది. అక్కడ డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపించాలి గానీ, నిరూపించాక గీత లేదు. ఏడాది ఆదాయంలో సొంత ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. నెలకు 20 వేలు సంపాదిస్తూ, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్న ముప్పయ్యేళ్ల మనిషికి ఖర్చు నాలుగో వంతు, గుణకం 17 కాబట్టి, భవిష్యత్తులో పెరగబోయే ఆదాయాన్ని కలపకముందే 30 లక్షల 60 వేలు తేలుతుంది. రైలూ సర్కారుదే, బస్సూ సర్కారుదే. పోయినవాడు మాత్రం ఏ వాహనమెక్కి పోవాలో ముందే ఆలోచించుకోవలసింది.

ఈ విషయంలో రైలు స్టేషనే లేని భూపాలపల్లి అదృష్టం చేసుకుంది. బొగ్గు లారీల వెనుక పరకాల మీదుగా బస్సులో కుదుపులు తినే అక్కడి ప్రయాణికుడి ప్రాణానికి చట్టం ఇంకా గరిష్ఠ ధర కట్టలేదు. రామగుండం–మణుగూరు రైలు మార్గం తమ ఊరి మీదుగా రావాలని కోరుకునేవారు, ప్లాట్‌ఫారంతో పాటు ఆ పట్టిక కూడా దిగుతుందని గమనించి, వినతిపత్రంలో మరో వాక్యం చేర్చుకోవచ్చు: రైలు ఇవ్వండి, గీత మాత్రం జనగామలోనే వదిలేసి రండి.