వీటా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
నాల్గు గుండె లుండె, నయమగు తెర యుండె,
వెన్ను తాకు పలక వింత గూర్చె,
కార్డు కొనగ బోవ కాసు లన్నియు బోయె,
వేటగాడు లేడు వీట నేడు.

అవతారిక: పద్యం నాదే. వ్యాఖ్యానానికి మరొకరు ముందుకొచ్చే సూచనలు లేవు గనుక టీకా కూడా నేనే రాస్తున్నాను. సందర్భం: 2011 డిసెంబరు 17న సోనీ వారు జపానులో ప్లేస్టేషన్ వీటా అనే చేతి ఆటపెట్టెను బజారుకు తెచ్చుట.

ప్రతిపదార్థం: నాల్గు గుండెలు = నాలుగు కోర్ల ప్రాసెసరు; ఉండె = ఉన్నది; నయమగు తెర = అయిదంగుళాల ఓఎల్ఈడీ తెర; వెన్ను తాకు పలక = పెట్టె వీపున అమర్చిన టచ్‌ప్యాడు; వింత గూర్చె = ఆశ్చర్యము కలిగించెను (ప్రయోజనము కలిగించెనని కవి అనలేదు, గమనించాలి); కార్డు = మెమరీ కార్డు; కొనగ బోవ = కొనబోగా; కాసు లన్నియు = యెన్లన్నియు; పోయె = ఖర్చయినవి; వేటగాడు = మాన్‌స్టర్ హంటర్ అను ఆట; నేడు = ఇప్పుడు; వీట = ఊళ్లో, వీటాలో అని శ్లేష; లేడు = లేనే లేడు.

తాత్పర్యం: బలం ఉంది, మెరుపు ఉంది, బేరం లేదు.

విశేషాలు: 'కాసు లన్నియు' అన్నది అతిశయోక్తి అనుకోరాదు. పెట్టె ధర అప్పట్లో 24,980 యెన్లు. అంతా పోసి ఇంటికి తెచ్చుకుంటే, ఆటలు దాచుకునే చోటు లోపల లేదు. మామూలు ఎస్డీ కార్డు అందులో పట్టదు. సోనీ వారి ప్రత్యేక కార్డే కొనాలి. అప్పట్లో అది వీటాకు తప్ప దేనికీ పనికివచ్చేది కాదు. 32 జీబీది అప్పుడు 9,500 యెన్లు! పెళ్లికి పిలిచి విస్తరికి వెల కట్టినట్టుంది. సోనీ వారి పాత చేతి ఆటపెట్టె పీఎస్పీలో దొంగ ఆటలు విచ్చలవిడిగా ఆడారనీ, దాని కట్టడి కోసమే ఈ కార్డనీ పూర్వపక్షం. కావచ్చు. దొంగ కోసం వేసిన తాళానికి డబ్బు మాత్రం దొర కట్టాడు.

అసలు ప్రాణం నాలుగో పాదంలో ఉంది. జపానులో పీఎస్పీని ఇంటింటికీ చేర్చిన ఘనతలో పెద్ద వాటా ఈ వేటదే. నలుగురు పక్కపక్కన కూర్చుని, తలో పెట్టె పట్టుకుని, ఒకే మృగం మీద పడతారు. ముగ్గురు స్నేహితుల దగ్గరుంటే నాలుగోవాడు కొనక చస్తాడా? ఆ వేటను, దాన్ని తయారుచేసిన కాప్‌కామ్ వారు, నింటెండో వారి చేతి ఆటపెట్టె 3డీఎస్‌కు తరలించారు. మాన్‌స్టర్ హంటర్ 3జీ అక్కడ వెలువడింది 2011 డిసెంబరు 10న, వీటాకు సరిగ్గా వారం ముందు. నింటెండో వారు అప్పటికే, ఆగస్టులో, తమ పెట్టెను 25,000 యెన్ల నుంచి 15,000కు దించేశారు. వాళ్లదీ మొదట్లో అనుకున్నంతగా కదల్లేదు మరి. దించే తెలివి త్వరగా వచ్చింది. వీటాకు ఆ తెలివి 2013లో గాని రాలేదు.

జేబులోని స్మార్ట్‌ఫోను సంగతి కవి ఎత్తలేదేమని అడగవచ్చు. పాదాలు నాలుగే.

అలంకారం: విశేషోక్తి. కారణాలు పుష్కలంగా ఉన్నా కార్యం కలగకపోవడం.

పాఠాంతరం: 2013 అక్టోబరులో వచ్చిన సన్నని వీటాలో ఓఎల్ఈడీ తీసి ఎల్సీడీ తెర పెట్టారు, లోపల 1 జీబీ చోటు ఇచ్చారు. కనుక ఆ ప్రతికి మొదటి, మూడో పాదాలు సవరించాలి. ప్రయత్నించాను, యతి కుదరలేదు.