రివెట్టు రమణికి టీకా తాత్పర్యం

ఆ. చేత గన్ను గలదు చెలికత్తె లేదాయె
రంగు జిగురు లేవు రసిక కొనుము
తలకు గుడ్డ చుట్టి దవడగీతను గీకి
నలుపు పూసి తుడువ నవ్వు నాతి

అవతారిక: రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా విమాన కర్మాగారాల్లో రివెట్లు బిగించిన స్త్రీలలో ఒకామె, 35వ వంతు కొలత బొమ్మగా కుదించుకుపోయి, చేతులు వేరు కాళ్ళు వేరుగా ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని అట్టపెట్టెలో వేంచేసింది. ఆ పెట్టె విప్పినవాడి అవస్థను చెప్పే పద్యమిది. మూలంలో లేనిదీ, ఎవరికీ అక్కరలేనిదీ రాయనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆ మెతుకుసీమ పండితుడికి అది చెల్లింది. ఇక్కడ పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే కనుక అడిగేవాడు లేడు.

ప్రతిపదార్థం: చేతన్ = కుడిచేతియందు; గన్ను = గాలిపైపుతో నడిచే రివెట్ గన్ (పైపు పెట్టెలో ఉండదు, రాగితీగతో చేసుకోవలెను); కలదు = ఉన్నది; చెలికత్తె లేదాయె = దీని సంగతి విశేషాలలో చూడుడు; రంగు జిగురు లేవు = పెట్టె పక్కన చీమతలకాయంత అక్షరాలలో ఈ మాట ఉండును; రసిక = ఓ కొనుగోలుదారుడా; కొనుము = మళ్ళీ డబ్బు తీయుము; దవడగీతను = అచ్చు రెండు సగాలు కలిసిన చోట, చెవి పక్కనుంచి గడ్డం దాకా మిగిలిన గీతను; గీకి = బ్లేడు వెన్నుతో గీకి; నలుపు = నీళ్ళలా పలచన చేసిన నల్లరంగును; పూసి తుడువన్ = పూసి, ఆరకముందే తుడవగా; నాతి = ఆ స్త్రీ; నవ్వున్ = నవ్వును.

తాత్పర్యం: సులభము.

విశేషాలు: కావ్యనాయికకు చెలికత్తె శోభ. రివెట్టు నాయికకు ఆమె లేకపోతే పనే జరగదు. గన్ను రివెట్టు తలమీద దడదడమని కొడుతుంటే, రేకు అవతల మరొకరు ఇనుపదిమ్మను ఆనించి పట్టుకోవాలి. అప్పుడే రివెట్టు తోక దిమ్మకు అణిగి, చదునై, రేకుల్ని కలిపి పట్టేస్తుంది. ఈ రెండో మనిషిని బకర్ అంటారు. దిమ్మ ఒక్క పిసరు వాలినా తోక పక్కకు తిరుగుతుంది. ఆ రివెట్టును డ్రిల్లుతో తొలిచి తీసి, మళ్ళీ కొట్టాలి. కొన్నిరకాల రివెట్లను మెత్తగా ఉంచడానికి శీతలపెట్టెలో దాచేవారు, బయటికి తీశాక గట్టిపడేలోపు కొట్టెయ్యాలి కనుక తొందర కూడా. ఆ మోతలో కేకలు వినబడవు, మధ్యన రేకు ఉంది కనుక మొహాలు కనబడవు. ఏం చెప్పుకున్నా రేకు మీద తట్టే చెప్పుకోవాలి.

మిషిగన్‌లోని విల్లో రన్‌లో ఫోర్డువారి కర్మాగారం 1944లో గంటకొక బి-24 బాంబరు చొప్పున బయటికి తోసింది. ఒక్కో విమానానికి మూడు లక్షలకు పైగా రివెట్లు. రెక్కల ఇరుకుల్లో దూరి పనిచేయడానికి అక్కడ మరుగుజ్జులను కూడా పనిలో పెట్టుకున్నారు. ఇంతమంది ఉండగా పెట్టెలోకి మాత్రం ఒక్కతే వచ్చింది.

ఈ ఒంటరితనం ప్రసిద్ధ చిత్రాల ప్రభావమని పూర్వపక్షం. నిలవదు. 1943 ఫిబ్రవరిలో వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీ గోడలకెక్కిన హోవర్డ్ మిల్లర్ పోస్టరులో ఆమె చొక్కా చెయ్యి మడిచి కండ చూపుతుందే గాని చేతిలో గన్ను లేదు. అదే ఏడాది మే 29 నాటి శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ ముఖచిత్రంలో నార్మన్ రాక్‌వెల్ ఆమె ఒడిలో గన్ను పెట్టాడు, చేతికి మాత్రం శాండ్‌విచ్ ఇచ్చాడు. భోజన విరామంలో ఒంటరిగా ఉండటం దోషం కాదు. ఇక్కడ దోషం బొమ్మ చేసినవాడిదే: ట్రిగ్గరు మీద వేలు పెట్టించి, అవతలి మనిషిని మరిచాడు. గాలికి రివెట్టు కొట్టుట అనౌచిత్యం.

తలగుడ్డకు తెల్లచుక్కలు పెట్టమని పెట్టె వెనక ఉన్న రంగుల పటం ఆజ్ఞ. సెంటీమీటరు చుక్క ఈ కొలతలో కాలు మిల్లీమీటరు పైచిలుకు. రసికుడు సూదిమొన ముంచి, ఊపిరి బిగబట్టి, వరస తప్పకుండా పెట్టాలి. నా మట్టుకు చుక్కలు మానేసి సాదా గుడ్డ చుట్టడమే ఉత్తమం. యంత్రంలో జుట్టు పడకుండా కట్టుకున్నదానికి అంత సింగారమెందుకు?

కవి మేనిచాయ చెప్పలేదు, పటం గులాబీ అంటుంది. ఆల్ఫ్రెడ్ పామర్ 1943లో నాష్‌విల్‌లోని వల్టీ కర్మాగారంలో తీసిన రంగుల ఫోటో చూసినవాడు గోధుమరంగు సీసా కోసం వెతుక్కుంటాడు. వెంజన్స్ బాంబరు దగ్గర డ్రిల్లు పట్టుకున్న నల్లజాతి స్త్రీ ఆమె. రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్ష కూడదని 1941లో రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వచ్చాకే అలాంటివారికి ఆ తలుపులు కొంత తెరుచుకున్నాయి. వెంజన్స్ రకం విమానాలనే మన వైమానికదళం 7, 8 స్క్వాడ్రన్‌లు బర్మా రంగంలో నడిపాయి. ఫోటోలోని ఆమె ఒంటరితనానికీ ఆక్షేపణ లేదు. డ్రిల్లుకు తోడు అక్కరలేదు.

"నవ్వు నాతి" అన్నచోట అతిశయోక్తి శంకించరాదు. పలచటి నలుపు పల్లాల్లోకి జారి నిలుస్తుంది. కనురెప్ప కిందా, పెదవి మూలల్లోనూ పిసరంత ఆగితే చాలు, బిగించుకున్న నోరు నవ్వినట్టవుతుంది. ఎక్కువ ఆగితే మీసం.

ఇక పరిహారం. రెండో పెట్టె కొని, ఆ బొమ్మ చేతి గన్ను కోసేసి, దిమ్మ అతికించాలి. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి ఇద్దరి మధ్య నిలపాలి. కనబడని మనిషికి మొహం దిద్దడం దండగ అనేవారున్నారు. షెల్ఫు వెనక అద్దం బిగిస్తే ఆ వాదం తేలిపోతుంది. అద్దం మాత్రం ముందుగానే చెప్పి కోయించుకోవాలి, నాలుగంగుళాల ముక్కంటే గాజుకొట్టువాళ్ళు విసుక్కుంటారు.