ల్యాబ్ వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము:
“ఒకదాన్ని బాగా చేసి అన్నిటికీ ఎక్కించెయ్యి బాబూ, పొద్దున్నకల్లా అయిపోవాలి.”

అవతారిక: 40 కంప్యూటర్లు గల కాలేజీ ల్యాబునందు, తెల్లవారిన ప్రాక్టికల్ పరీక్ష అనగా, సాయంకాలము స్కూటరు తాళము చేతబట్టిన ఇన్‌చార్జిగారు సిస్టమ్ అడ్మిన్‌తో పలికిన వాక్యమిది.

టీక: ఒకదాన్ని = మాతృకగా నెంచిన కంప్యూటరును; బాగా చేసి = విండోస్, కంపైలర్లు, ప్రింటరు డ్రైవరు వేసి, పిదప యంత్రపు సొంత గుర్తులను చెరపు సిస్‌ప్రెప్ నడిపి ఆపివేసి, దాని డిస్కుకు ఇమేజి తీసి; అన్నిటికీ = తక్కిన 39కిని; ఎక్కించెయ్యి = నెట్‌వర్కు మీదుగా దింపుము; బాబూ = ఓవర్‌టైము లేనివాడా; పొద్దున్నకల్లా = నేను వచ్చులోపల; అయిపోవాలి = స్పష్టము. “ఎవరిచేత” అను ఆకాంక్షకు “నీచేత” అని అధ్యాహారము.

తాత్పర్యము: తక్కిన యంత్రములు తమ డిస్కు నుండి గాక పీఎక్స్‌ఈ అను నెట్‌వర్కు మార్గమున లేవవలెను. డీహెచ్‌సీపీ సర్వరు ఐపీ చిరునామా నిచ్చును, బూట్ ఫైలు జాడయు తెలియును, ఆ ఫైలు టీఎఫ్‌టీపీ వెంట వచ్చును. అటుపిమ్మట ఇమేజి దింపు సాఫ్ట్‌వేరు, క్లోనెజిల్లాయో ఫాగో, పని నందుకొనును. ఆపివేసియున్న వానిని లేపుటకు వేక్ ఆన్ లాన్ ప్యాకెట్ కలదు: ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వాని వెనుక ఆ యంత్రపు మ్యాక్ చిరునామా 16 మారులు, వెరసి 102 బైట్లు. అన్ని మారులు పేరుపెట్టి పిలిచినను బయోస్‌లో ఆప్షన్ ఆన్ చేయనిది పలుకదు. ఇంత తతంగమును “ఎక్కించెయ్యి” అను ఒక్క క్రియలో ఇమిడ్చుట ఇన్‌చార్జిగారి శయ్య.

విశేషము: “అన్నిటికీ” అనగా వరుసగానా, ఏకకాలముననా? ఇమేజి 30 జీబీ అనుకొందము. గిగాబిట్ తీగపై సెకనుకు 125 ఎంబీ మించి పోదు గాన ఒక్కొక్కదానికి కనీసము 4 నిమిషములు. వరుసగా పంపిన రెండున్నర గంటల పైమాట. మల్టీకాస్టున ధార ఒక్కటే, అన్నియు దానినే అందుకొనును. అయితే ఇది పంక్తిభోజనము: నిదానముగా తినువాడొకడున్న వడ్డన వానికై ఆగును. పాడు తీగ వలన 100 మెగాబిట్లకు జారిన యంత్రమొక్కటి చాలు, ఆ 4 నిమిషములు 40 అగును. స్విచ్చిలో ఐజీఎంపీ స్నూపింగ్ లేనిచో ఈ ధార అకౌంట్స్ సెక్షను పోర్టులకును పారును. అచ్చటివారు అడ్మిన్‌నే స్మరింతురు.

పూర్వపక్షము: సిస్‌ప్రెప్ ఏల? ఎస్‌ఐడీ అను యంత్రపు గుర్తింపు సంఖ్య రెండింటికొకటే అయినను హాని లేదని 2009లో మార్క్ రుసినోవిచ్ వ్రాసి, ఎస్‌ఐడీ మార్చు తన పనిముట్టు న్యూసిడ్‌నే విరమించెను గదా!

సిద్ధాంతము: ఆ వ్యాసమందే, క్లోన్ చేసినవానికి సిస్‌ప్రెప్ తప్పదనియు కలదు. బద్ధకస్తులు అంతదూరము చదువరు. పైగా 2025 ఆగస్టు చివరి అప్‌డేట్ల నుండి విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఎస్‌ఐడీ ఒకటైన యంత్రముల నడుమ కెర్బరోస్, ఎన్‌టీఎల్‌ఎం లాగిన్లు తిరస్కృతములు. షేర్డ్ ఫోల్డరు తెరచుకొనదు. పదహారేండ్లు నిలిచిన పూర్వపక్షము ఇట్లు వీగినది.

అధికపాఠము: కొన్ని ప్రతులలో “అందులో టాలీ కూడా వెయ్యి” అని కలదు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌న చేరినది గాన ప్రక్షిప్తమని వ్యాఖ్యాతల మతము. ప్రక్షిప్తమైనను వేయక తప్పదు; సిస్‌ప్రెప్‌కు ముందరి ప్రతిని దాచుకొనని అడ్మిన్ మరల “ఒకదాన్ని” అను పదము నుండి మొదలిడవలెను.