పుట్టమన్ను సాక్ష్యం

ధనుర్మాసంలో ఆరుద్రా దర్శనం నాడు చెన్నై మైలాపూరు మాడవీధులు చూడాలి. కపాలీశ్వరుడి గుడి నటరాజు పూలలో మునిగి ఊరేగుతుంటే, మేడల మీది నుంచి కూడా దణ్ణాలే. మీతో మాట్లాడుతున్న ఈ నటరాజు కూడా అలా ఊరేగడానికే పుట్టినవాడు. ఊరు పత్తూరు, కావేరి డెల్టాలో తిరువారూరు వైపు. చోళుల కాలపు పంచలోహ మూర్తి. ఎవరో, ఏ భయంతోనో భూమిలో దాచారు. తర్వాత విశ్వనాథస్వామి గుడే కూలింది. రాళ్ళగుట్టలో శివలింగం మాత్రం మిగిలింది.

1976లో ఒక కూలీ గుడిసె దగ్గర తవ్వుతుంటే పార ఖంగుమంది. తోటి విగ్రహాలతో పాటు ఈ నటరాజు వెలుతురు చూశాడు. ఆ పూట ఊరి పెద్దలకు కబురు పెట్టి ఉంటే కథ హారతితో ముగిసేది. పేదవాడి ఆశను తప్పుపట్టడానికి ఈ నటరాజుకు మనసు రాదు. తప్పంతా ఆ పైన చేతులు మారుస్తూ పోయినవాళ్ళది.

అలా చేతులు మారి లండన్ చేరిన ఈ నటరాజును 1982లో ఒక కెనడా కంపెనీ అన్నీ సక్రమమే అనుకుని రెండున్నర లక్షల పౌండ్లు పోసి కొన్నది. వెంట వచ్చిన పుట్టుపూర్వోత్తరాల కాగితాలు అబద్ధం. బ్రిటిష్ మ్యూజియంలో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. కంపెనీ కోర్టుకెక్కింది. ఇటు నుంచి భారత ప్రభుత్వం, తమిళనాడు, గుడి నిలబడ్డాయి. చివరికి రాళ్ళగుట్టలోని ఆ లింగం కూడా కక్షిదారు అయింది!

నేరమూ దైవమూ కలిసిన నవలల్లో దేవుడు ఆఖరి పేజీలో ప్రత్యక్షమవుతాడు. ఇక్కడ ఆయన దావా వేశాడు. మన చట్టంలో ఇది వింత కాదు. దేవుడి పేర భూమి ఉంటుంది, వ్యాజ్యమూ ఉంటుంది. 1925లో ప్రివీ కౌన్సిల్ కూడా ఒక కలకత్తా కుటుంబం తగాదాలో ఆ సంగతి ఒప్పుకుంది.

కానీ ఈ నటరాజే ఆ నటరాజని రుజువు చేసేదెలా? తమిళనాడు పురావస్తు శాఖను నడిపిన ఆర్. నాగస్వామి లండన్ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. పత్తూరులో దొరికిన మిగతా విగ్రహాల పక్కన పెట్టి పోత తీరు, లోహం, శిల్పి చేతివాటం పోల్చారు. వాటితో పాటు మన్నునూ పరీక్షించారు. ఒంటిని అంటుకున్న మట్టి, దాని మీద చెదలు పాకిన గీతలు. అర్చకుడైతే చందనంతో తుడిచేసేవాడు. ఆ మురికే కోర్టులో మాట్లాడింది.

1988లో న్యాయమూర్తి ఇయాన్ కెన్నెడీ గుడి వైపు తీర్పిచ్చారు. పన్నెండో శతాబ్దంలో గుడి కట్టించిన దాత సంకల్పం రాళ్ళతో పాటు కూలిపోలేదని, ఆ లింగం రూపంలో నిలిచే ఉందని ఆయన అభిప్రాయం. ఆ మాటకు ఈ నటరాజు ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాడు. 1991 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కూడా గుడి వైపే తీర్పిచ్చింది. ఆ ఏడే స్వదేశం చేరాడు.

చేరింది పత్తూరు మాత్రం కాదు. భద్రత కోసం తిరువారూరు త్యాగరాజస్వామి గుడిలోని విగ్రహాల కేంద్రంలో పెట్టి తాళం వేశారు. దొంగల భయం నిజమే, కాదనలేం. అయినా దావా గెలిచిన లింగం ఒకచోట, అది గెలుచుకున్న నటరాజు ఒకచోట. ఒక్క ఆరుద్రా దర్శనం నాడైనా, ఒక్క పూటకైనా పత్తూరు వీధిలోకి మోసుకెళ్తే బాగుండును. తోవకడ్డంగా పశువులు, ముంగిట్లో ముగ్గులు, ఎదురుగా ఆ లింగం.